ఒడెట్ గారు రోజూ అనే మాట

మా తియేర్ ఊళ్లో నా ఈడువాళ్లంతా కత్తులు చేసి బతికారు. నేను మాత్రం ముప్పైనాలుగేళ్లు జిల్లా పత్రికలో ఇతరుల రాతలు దిద్ది బతికాను. విలేకరి పంపిన వార్తలో ఒక మాట రెండోసారి కనబడితే దాని చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి, దాని చోట ఇంకో మాట వేయడం నా ఉద్యోగం. మేయరు పేరు వార్తలో ఒక్కసారే రావాలి. తరువాత ఆయన పురపాలకుడు, ఆపైన నగర ప్రథమ పౌరుడు, అప్పటికీ వార్త అయిపోకపోతే ఆ పదవిలో ఉన్న పెద్దమనిషి. వాన ఒక్కసారే కురవాలి. రెండోసారి జల్లు పడాలి, మూడోసారి చినుకులు రాలాలి.

ఈ పిచ్చి నా ఒక్కడిదే అనుకుంటే పొరపాటు. ఈ దేశంలో బడికి వెళ్లిన ప్రతి మనిషి పాత నోటుపుస్తకం తీసి చూడండి, మార్జిన్‌లో ‘పునరుక్తి’ అని ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. రెండో క్లాసు పిల్లవాడు కూడా ‘కుక్క’ అని ఒకసారి రాశాక, రెండోసారి రాయడానికి సిగ్గుపడి ‘ఆ జంతువు’ అంటాడు. నేను ఆ జబ్బును జీతం తీసుకుని మరీ ముదరబెట్టుకున్నాను.

ఇంట్లో నా భార్య ఎలియాన్ దగ్గర మాత్రం ఈ ఆటలు సాగలేదు.

"ఏమయ్యా, సూప్ చల్లారిపోతోంది. ఈ సూప్ కోసం పొద్దుట్నుంచీ నిలబడ్డాను. వచ్చి సూప్ తాగు" అంది ఒకసారి.

"మూడుసార్లు అన్నావు. రెండోసారి కూరగాయల రసం అనొచ్చుగా" అన్నాను.

"నాలుగోసారి అనను, నెత్తిన పోస్తాను" అంది.

పత్రికవాళ్లు నన్ను సాగనంపాక, మంగళ, శుక్రవారాల్లో ఊరి గ్రంథాలయంలో ఒక బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. రాత రానివాళ్లకు, వచ్చినా భయపడేవాళ్లకు దరఖాస్తులు, ఉత్తరాలు రాసిపెట్టే సేవ అది. ఇంటి యజమాని గోడల చెమ్మ బాగుచేయించడం లేదని ఒకరు, పింఛను కాగితం అర్థం కాలేదని ఒకరు వచ్చేవారు. ఒక ఫిబ్రవరి మంగళవారం నాడు నదేజ్ వచ్చింది.

నలభై ఆరేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. పదహారో ఏట బడి మానేసి కత్తులకు మెరుగుపెట్టే కార్ఖానాలో చేరిందట. అది మూతపడ్డాక ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి పనులు చేసిపెట్టే సంస్థలో కుదిరింది. సంచిలోంచి చేత్తో రాసిన నలభై పేజీలు తీసి నా ముందు పెట్టి, కూర్చోకుండా నిలబడింది.

"మాస్టారూ, ఇది చూసి పెడతారా?"

"మాస్టార్ని కాదమ్మా, పత్రికలో పనిచేశాను. కూర్చో. ఏమిటిది?"

విషయం ఇది. మంచాన పడ్డవాళ్లకు స్నానం చేయించడం, లేవనెత్తడం, తినిపించడం వంటి పనులు సెప్టెంబరు నుంచి డిప్లొమా ఉన్నవాళ్లే చేయాలని ఆమె సంస్థ తేల్చేసింది. లేనివాళ్లు ఇల్లు తుడవాలి, సరుకులు తేవాలి, అంతే. మనిషిని ముట్టుకోకూడదు. నదేజ్ ఆరేళ్లుగా ఒకావిడను చూసుకుంటోంది. ఒడెట్ సోజెద్ అని, తొంభై ఒక్కేళ్లు. ఇప్పుడు కాలేజీకి వెళ్లే వయసు కాదు కాబట్టి నదేజ్‌కు ఉన్న దారి ఒక్కటే: ఇన్నేళ్లుగా చేసిన పనిని తన మాటల్లో రాసి పంపాలి, తరువాత దగ్గర్లోని పెద్ద ఊరు క్లెర్మోన్‌లో ముగ్గురు పరీక్షకుల ముందు కూర్చుని వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పాలి. వాళ్లు నమ్మితే డిప్లొమా.

"లేకపోతే ఆవిడ దగ్గరికి ఇంకెవరో వస్తారు. ఆవిడ ఇంకొకళ్ల చెయ్యి పడనివ్వదు మాస్టారూ. పోయినేడు నేను వారం సెలవు పెడితే ఆ వారమంతా స్నానం చెయ్యలేదు. వచ్చిన అమ్మాయి మీదకి తువ్వాలు విసిరేసిందంట" అంది నదేజ్.

"మరి బానే రాశావు కదా, నలభై పేజీలు."

"రాశాను గానీ, అంతా ఒకే మాట. చదువుతుంటే నాకే సిగ్గేస్తోంది. స్నానం చేయించాను, స్నానం చేయించాను, ఒడెట్ గారు, ఒడెట్ గారు... బళ్లో మా టీచరమ్మ దీన్ని చూస్తే చెవి మెలేసేది."

మొదటి పేజీ చూశాను. నిజమే. ఒక్క పేజీలో ‘ఒడెట్ గారు’ పద్నాలుగుసార్లు ఉంది. నిజం చెప్పొద్దూ, నా ప్రాణం లేచివచ్చింది. పదవీవిరమణ చేశాక ఇంత మేత నాకెప్పుడూ దొరకలేదు.

మూడు వారాలు కూర్చున్నాం. ఆమె రాసినదాన్ని నేను దిద్దేవాణ్ణి, నేను దిద్దినదాన్ని ఆమె గ్రంథాలయం కంప్యూటర్‌లో రెండు వేళ్లతో కొట్టేది. ఒడెట్ గారు వృద్ధురాలు అయింది, తరువాత తొంభై దాటిన పెద్దావిడ అయింది, ఆ ఇంటి యజమానురాలు అయింది, ఒకచోట సోజెద్ వంశపు ఆడపడుచు కూడా అయింది. స్నానం చేయించడం దేహశుద్ధి అయింది. దువ్వెన కేశాలంకరణ సామగ్రి అయింది. దానికి మాత్రం నదేజ్ నవ్వింది.

"మాస్టారూ, ఆవిడ తల మీద ఉన్నదే నాలుగు వెంట్రుకలు. దానికి ఇంత పేరా?"

"వెంట్రుకలు ఎన్నైనా మాట ఒకటే వాడకూడదు."

"అంతేనంటారా."

అంతేనన్నాను. నా గొంతులో అనుమానం అన్నది లేదు. ముప్పైనాలుగేళ్లుగా లేదు.

రాతలో పెద్ద ఘట్టం ఒకటి ఉంది. పరీక్షకులకు ఏదో ఒక సంఘటనను వివరంగా చెప్పాలి. అంతకు ముందు నవంబరులో ఒక ఆదివారం పొద్దున ఒడెట్ గారికి మెదడులో రక్తం గడ్డకట్టింది. నదేజ్ దాన్ని కనిపెట్టి అంబులెన్స్ పిలిచింది, ఆవిడ బతికింది. నదేజ్ ఆ వారమంతా సోమవారం మొదలుకొని రోజురోజుకూ ఏం జరిగిందో రాసుకొచ్చింది. సోమవారం వెళ్లాను, ఒడెట్ గారు "పిల్లా, కిటికీ తెరువు, కొండ ఉందో పోయిందో చూద్దాం" అన్నారు. తెరిచాను, స్నానం చేయించాను. మంగళవారం వెళ్లాను, ఒడెట్ గారు "పిల్లా, కిటికీ తెరువు, కొండ ఉందో పోయిందో చూద్దాం" అన్నారు. బుధవారం వెళ్లాను...

నేను గురువారం దాకా కూడా చదవలేదు. పెన్సిల్ అందుకున్నాను.

"ఇదేమిటి నదేజ్! ఒకే వాక్యం ఇన్నిసార్లా?"

"ఆవిడ రోజూ అదే అంటుందండీ" అంది నెమ్మదిగా.

"అంటే అననీ. ఆవిడ ఇంట్లో ఆవిడ ఇష్టం. కాగితం మీద మనం అననివ్వం. సోమవారం ఇలాగే ఉంచుదాం. మంగళవారం ‘కాస్త గాలి ఆడనీ’ అంటుంది. బుధవారం ‘వెలుగు రానీ’ అంటుంది. గురువారం ‘బయట లోకం ఎలా ఉందో చూపించు’ అంటుంది. చూశావా, చదివేవాడికి విసుగు రాదు."

ఆమె ఏదో అనబోయి ఆగిపోయింది. నా చేతిలో ఎర్ర పెన్సిల్ ఉంది. దాని ముందు ఆమె మళ్లీ బెంచీ మీద కూర్చున్న పిల్ల అయిపోయిందని నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నేను చూసుకోలేదు. నా పనితనం చూసి నేను మురిసిపోతున్నాను.

అంతా అచ్చువేశాక నదేజ్ మొదటి పేజీ చదువుకుని, "ఇది నేనేనా?" అంది. మెచ్చుకోలు అనుకున్నాను.

జూన్ ఆఖరులో పరీక్ష. ఆమె కారు మొరాయించిందంటే నా కారులో క్లెర్మోన్ తీసుకెళ్లాను. దారి పొడుగునా ఆమె నా వాక్యాలు వల్లెవేసింది. ఎక్కడైనా తడబడితే నేను అందించాను. ఇద్దరం బాగానే తయారయ్యాం అనుకున్నాం.

ఆమె లోపలికి వెళ్లాక వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. పావుగంట గడిచిందో లేదో తలుపు తెరుచుకుని నదేజ్ బయటికి వచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అయిపోయిందా?"

"పది నిమిషాలు మంచినీళ్లు తాగి రమ్మన్నారు. నాకు నోరు పెగల్లేదు మాస్టారూ."

"ఏం అడిగారు?"

"ఆ ఆదివారం గురించి. ఒక నర్సమ్మ ఉంది. ‘ఈవిడ రోజుకో రకంగా మాట్లాడుతుంది కదా, ఒకరోజు కిటికీ అంది, ఒకరోజు గాలి అంది, ఒకరోజు వెలుగు అంది. ఆదివారం ఇంకో రకంగా అంది. అందులో మీకు తేడా ఏం కనబడింది? అంబులెన్స్ ఎందుకు పిలిచారు?’ అనింది."

నాకు ఇంకా అర్థం కాలేదు. సిగ్గుతో చెబుతున్నాను, నిజంగా కాలేదు.

"ఆదివారం ఏమంది ఆవిడ?" అని అడిగాను. మూడు వారాలు ఆ కాగితాల మీద కూర్చున్నవాణ్ణి, అప్పుడు అడిగాను.

నదేజ్ నా వంక అదోలా చూసింది.

"‘పిల్లా, దాన్ని తియ్యి, అది ఉందో లేదో చూద్దాం’ అంది. కిటికీ అన్న మాట రాలేదు, కొండ అన్న మాట రాలేదు ఆవిడకి. ఆరేళ్లలో ఒక్కరోజు కూడా అలా అనలేదు. ఇంకెవరైనా అయితే పట్టించుకునేవాళ్లు కాదు, ముసలావిడ ఏదో అంది అనుకునేవాళ్లు. నాకు అందుకే తెలిసింది. అందుకే తెలిసింది మాస్టారూ!"

గురువారం దాకా కూడా చదవకుండా పెన్సిల్ అందుకున్నది గుర్తొచ్చింది.

"నేను చెప్పాను కదా మీకు! ఆవిడ రోజూ అదే అంటుందని చెప్పాను కదా!" ఆమె గొంతు వరండా అంతా వినబడింది. చివర కూర్చున్న గుమస్తా తలెత్తి చూశాడు. ఆమె గొంతు తగ్గించింది. "ఇప్పుడు నేనేం చెప్పను? రోజూ ఒకే మాట అంటుందంటే, కాగితంలో ఉన్నది అబద్ధం. కాగితంలో ఉన్నది నిజమంటే, నేను కనిపెట్టింది అబద్ధం. పక్కనున్నాయన అప్పుడే అడిగేశాడు, ఇది మీరు చూసి రాశారా, ఎక్కడినుంచైనా ఎత్తి రాశారా అని."

మెదడులో ఏదో అడ్డుపడి మాటలు జారిపోతుంటే ఒక మనిషి వాటికోసం వెతుక్కుంది. రోజూ అదే మాట విన్న ఇంకో మనిషి ఆ లోటును చెవితో పట్టుకుంది. ఆమె చదువు అదే, ఆమె పనితనం అదే. దాన్ని నేను విసుగు అనుకుని చెరిపేశాను. చెరిపేసి, ఆ ముసలావిడ చేత ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే రోజుకో మాట అనిపించాను. ఇంత తప్పు నేను పత్రికలో ఎన్నడూ చేయలేదు. చేశానేమో, ఎవరూ పట్టుకోలేదు.

"నేను లోపలికి వచ్చి చెబుతాను" అన్నాను.

"మీరు రాకండి. మీరొస్తే అంతా మీరే రాశారంటారు."

"మరి?"

ఆమె కుళాయి దగ్గరకు వెళ్లి మొహం కడుక్కుని, చొక్కా చేతికే తుడుచుకుని లోపలికి వెళ్లింది. "ఉక్కపోసి చస్తున్నాం, ఆ తలుపు అలా వదిలెయ్యండి" అని లోపలినుంచి ఒక ఆడగొంతు వినబడింది. తలుపు తెరిచే ఉంది. నేను బెంచీ అంచుకు జరిగాను.

"ఆ కాగితాలు పక్కనపెట్టి చెప్పొచ్చా మేడమ్?" అంది నదేజ్.

"చెప్పండి."

"సోమవారం నేను వెళ్లాను. ఒడెట్ గారు ‘పిల్లా, కిటికీ తెరువు, కొండ ఉందో పోయిందో చూద్దాం’ అన్నారు. తెరిచాను. ఒడెట్ గారికి స్నానం చేయించాను. మంగళవారం వెళ్లాను. ఒడెట్ గారు ‘పిల్లా, కిటికీ తెరువు, కొండ ఉందో పోయిందో చూద్దాం’ అన్నారు..."

ఒక్క రోజు కూడా వదల్లేదు. బుధవారం, గురువారం, శుక్రవారం, శనివారం. ఎక్కడా తడుముకోలేదు, ఎక్కడా తొందరపడలేదు. అలవాటు చొప్పున నా వేళ్లు పెన్సిల్ కోసం జేబులోకి పోయాయి, వాటిని తీసి తొడ కింద పెట్టుకున్నాను. లోపల కుర్చీ చప్పుడు కూడా లేదు. శనివారం వచ్చేసరికి నేను, ఒడెట్ గారిని ఎన్నడూ చూడనివాణ్ణి, ఆ మాట కోసం ఎదురుచూస్తున్నాను.

"ఆదివారం వెళ్లాను. ‘పిల్లా, దాన్ని తియ్యి, అది ఉందో లేదో చూద్దాం’ అన్నారు."

లోపల ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు.

"అప్పుడేం చేశారు?" అంది నర్సు. గొంతు మారింది.

"కిటికీ దగ్గరికి వెళ్లకుండా మంచం దగ్గరికి వెళ్లాను. ‘నవ్వండి ఒడెట్ గారూ’ అన్నాను. నవ్వు ఒక పక్కకే వచ్చింది. రెండు చేతులూ ఎత్తమన్నాను, కుడిది ఎత్తలేదు. గడియారం చూశాను. ఫోన్ చేశాను."

"గడియారం ఎందుకు?"

"ఎప్పట్నుంచి అలా ఉన్నారని ఆస్పత్రిలో అడుగుతారు కదండీ. ముందురోజు సాయంత్రం నేను వెళ్లేటప్పుడు మామూలుగానే ఉన్నారు. పొద్దున ఆరుగంటలకి పక్కింటావిడ పాలిచ్చినప్పుడు కూడా బాగా మాట్లాడారంట. నేను ఏడుకి వెళ్లాను. అది చెప్పాను వాళ్లకి. టైముకి వచ్చారు అన్నారు డాక్టరుగారు."

తరువాత పరీక్షకుల అధ్యక్షురాలు అడిగింది.

"ఇలాగే ఎందుకు రాయలేదు మీరు?"

"రాశాను మేడమ్. ఇలాగే రాశాను. ఒకే మాట మళ్లీ మళ్లీ వచ్చిందని సిగ్గేసి నేనే తీసేయించాను."

అది అబద్ధం. ఆమె తీసేయించలేదు. ‘ఆవిడ రోజూ అదే అంటుందండీ’ అని చెప్పింది. నన్ను కాపాడుతోంది. ఇక నేను కూర్చోలేకపోయాను. లేచి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

"తీసేసింది నేనండీ. ఈవిడ వద్దంటూనే ఉంది" అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. నదేజ్ తల పట్టుకుంది.

"మీరెవరు?" అంది అధ్యక్షురాలు.

"రోలాన్ ఫార్జ్. పత్రికలో దిద్దుబాటు పని చేసేవాణ్ణి. మాట రెండోసారి వస్తే తట్టుకోలేను."

"ఆ దేహశుద్ధి మీదేనా?"

"నాదే."

"కేశాలంకరణ సామగ్రి?"

"అదీ నాదే."

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సరే, బయట కూర్చోండి" అంది అధ్యక్షురాలు. కూర్చున్నాను. అరవై తొమ్మిదేళ్ల వయసులో నన్ను క్లాసులోంచి బయటికి పంపారు.

కాసేపటికి నదేజ్ కూడా వచ్చి బెంచీ రెండో చివర కూర్చుంది. లోపల వాళ్లు ఆలోచించుకుంటున్నారు. నేను ఆమెకు క్షమాపణ చెప్పుకోవాలి. ముప్పైనాలుగేళ్లు వెయ్యి మాటలకు వెయ్యి మాటలు వెతికినవాణ్ణి, ఏం అనాలో తోచలేదు.

"తప్పు చేశాను నదేజ్" అన్నాను.

ఆమె సంచిలోంచి హామ్ పెట్టిన రొట్టె తీసి, విరిచి సగం నాకిచ్చింది. తన సగం తినలేదు, చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"సెప్టెంబరులో వచ్చే కొత్త పిల్లకి తెలీదు కదా మాస్టారూ" అంది, నాతో కాదు, నేలతో. "ఆవిడ ఏ మాట ఎలా అంటుందో. మళ్లీ అలా అయితే ఎవరికి తెలుస్తుంది?"

ఆమె భయం డిప్లొమా గురించి కాదని అప్పుడు అర్థమైంది.

ఇరవై నిమిషాల తరువాత లోపలికి పిలిచారు. ఈసారి నన్ను ఎవరూ వద్దనలేదు, గుమ్మం దగ్గర నిలబడ్డాను. అధ్యక్షురాలు కాగితం చూసి చదివింది. అభ్యర్థిని సమర్పించిన అనుభవం నిర్దేశిత యోగ్యతలన్నింటికీ సరితూగుతున్నదని, వృత్తిపరమైన పరిశీలనాశక్తి విశేషంగా గమనించబడినదని, ధ్రువపత్రం సంపూర్ణంగా మంజూరు చేయడానికి సభ్యులు ఏకగ్రీవంగా అంగీకరించారని చదివింది. నదేజ్ కదల్లేదు. ఆ మాటలన్నీ ఆమె మీదుగా వెళ్లిపోయాయి.

"అంటే మేడమ్..." అంది. "సెప్టెంబరు తర్వాత కూడా ఆవిడకి నేను స్నానం చేయించొచ్చా?"

అధ్యక్షురాలు కాగితం బల్ల మీద పెట్టేసింది.

"చేయించొచ్చు."

"నేనే?"

"మీరే."

"నేనే చేయించొచ్చు" అంది నదేజ్, వెనక్కి తిరిగి నాతో.

"నువ్వే చేయించొచ్చు" అన్నాను.